నూటికి నూరు శాతం ఫిట్!

గాజువాకలో మెయిన్ రోడ్డు మీద తలెత్తి నడిస్తే చాలు, దంతవైద్యంలో సగం చదువు ఉచితంగా అబ్బుతుంది. ‘ట్రే లేదు, పేస్టు లేదు, డోకు లేదు! డిజిటల్ స్కాన్‌తో ఇంప్లాంట్ పళ్ళు, నూటికి నూరు శాతం ఫిట్!’ అంటుంది బోర్డు. స్టీల్ ప్లాంటులో, షిప్‌యార్డులో ఫిట్టర్లుగా చేసి రిటైరైనవాళ్ళు వీధివీధినా ఉన్న ఊళ్ళో ఇలాంటి బోర్డు కట్టాలంటే గుండె ధైర్యం కావాలి.

పళ్ళన్నీ పోయినవాళ్ళకు దవడలో నాలుగో ఆరో టైటానియం ఇంప్లాంట్లు దింపి, అన్నిటినీ కలుపుతూ ఒకే ఫ్రేమ్ బిగిస్తారు. సొంత పన్నుకైతే చుట్టూ మెత్తటి పొర ఉంటుంది, సుమారు 100 మైక్రాన్ల దాకా సర్దుకుంటుంది. ఇంప్లాంటు ఎముకను నేరుగా పట్టుకుంటుంది, సర్దుకోవడం దానికి చేతకాదు. ఫ్రేమ్ కాస్త తేడాగా వచ్చినా స్క్రూలు తిప్పి కూర్చోబెట్టేయొచ్చు. పేషెంటు అద్దంలో చూసుకుని మురిసిపోతాడు. ఆ బిగుతు మాత్రం లోపలే ఉండి, స్క్రూ వదులవడమో విరగడమో, పైన పింగాణీ చిట్లడమో జరిగినప్పుడు బయటపడుతుంది. బలవంతంగా లాగి బిగించడాన్ని ఫిట్టింగ్ అనరని ఈ ఊరివాళ్ళకు ఒకరు చెప్పాలా?

ఎంత తేడా ఉంటే ఫరవాలేదు? 1965లో స్వీడన్‌లో తొలి రోగికి టైటానియం ఇంప్లాంట్లు పెట్టిన బ్రోనిమార్క్ 10 మైక్రాన్లన్నాడు. 1991లో యెమ్ట్ అనే మరో ఇంప్లాంట్ నిపుణుడు 150 దాకా పోనిమ్మన్నాడు. మహామహుల మధ్యే పదిహేను రెట్ల తేడా! మన బోర్డుకు మాత్రం ఏ సందేహమూ లేదు: తేడా సున్నా, ఈఎంఐ సౌకర్యం కలదు.

ఫ్రేమ్ కుదరాలంటే ముందు నోట్లో కొలత సరిగ్గా తీయాలి. ఒకటి రెండు ఇంప్లాంట్లకైతే ఓపెన్ ట్రే, క్లోజ్డ్ ట్రే, స్కానర్ ఏదైనా నడుస్తుంది. దవడ మొత్తానికి లెక్క వేరు. అచ్చు తీసే పద్ధతుల్లో, ఇంప్లాంట్ల స్థానాన్ని అచ్చులోకి ఎక్కించే కోపింగులనే ముక్కలను రెసిన్‌తో ఒకదానికొకటి కట్టి ఓపెన్ ట్రేలో తీయడమే మేలని ఎక్కువ అధ్యయనాలు తేల్చాయి. రెసిన్ గట్టిపడుతూ కుంచించుకుపోతుంది గనక దాన్ని మధ్యలో కోసి మళ్ళీ అతకాలి. ఇంత ఓపిక బోర్డు మీద పట్టదు. స్కానరేమో చిన్న చిన్న బొమ్మలు తీసి ఒకదానికొకటి అతుక్కుంటూ పోతుంది. పళ్ళు లేని చిగురు ఎటు చూసినా ఒక్కలాగే ఉంటుంది. ఈ కొస నుంచి ఆ కొసకు చేరేసరికి తప్పు మీద తప్పు పేరుకోవచ్చు. ఆ చిక్కు తీర్చడానికే ఫొటోల నుంచి ఇంప్లాంట్ల స్థానాలు లెక్కగట్టే ఫొటోగ్రామెట్రీ వచ్చింది. స్కానర్‌తో డోకు రాదు, ఒప్పుకుంటాం. డోకు రాకపోవడం వేరు, ఫ్రేమ్ కుదరడం వేరు.

“అంత ఖరీదైన మిషన్ తప్పు చెబుతుందాండీ?” అని అడుగుతారు. ఆటోనగర్‌లో దసరాకు లేతు మిషన్‌కు బొట్టు పెట్టి దండం పెడతారు. అయినా మర్నాడు దాని మీద తీసిన ముక్కను మైక్రోమీటర్‌తో కొలవకుండా పంపరు.

కాబట్టి అయ్యా, అమ్మా, ఏ పద్ధతిలో కొలత తీశారన్నది డాక్టరుగారి ఇష్టం. ఫ్రేమ్ వచ్చాక ఒక చివర ఒక్క స్క్రూ బిగించి, రెండో చివర లేస్తోందేమో చూడమనండి. ఎక్స్‌రే తీసి సందుందేమో చూపించమనండి. చూపించలేకపోతే ఆ నూరు శాతం బోర్డుకే గానీ మీ దవడకు కాదు.