పాలు పడలేదహో!

ఓబులదేవరచెరువు నుంచి కాన్పుకు కదిరికి పోనీ, పుట్టపర్తికి పోనీ, హిందూపురానికి పోనీ, ఆపరేషన్ అయిన మరునాడు మంచం చుట్టూ అదే పంచాయితీ. అత్త, చిన్నత్త, పక్క మంచం బాలింత తల్లి. ‘కోసి తీసినారు కదమ్మా, యాడొస్తాయి పాలు?’ తీర్పు అయిపోయింది. కోత పడింది పొట్టకు, శిక్ష పడింది రొమ్ముకు.

2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు ఆపరేషన్లే. అంటే అంతమంది తల్లులకు దేవుడు పాలివ్వడం మరిచిపోయాడన్నమాట!

మాయ బయటపడగానే ఒంటికి పాల కబురు అందుతుంది. మాయ ఏ దారిన వచ్చిందని ఒళ్లు ఆరా తీయదు. మత్తు, నొప్పి, బిడ్డను వేరే గదిలో ఉంచడం వల్ల పాలు పొంగడం కాస్త ఆలస్యమై మూడో రోజుకో అయిదో రోజుకో జరుగుతుంది, అంతే. అందాకా వచ్చేవి చెంచాడు ముర్రుపాలు. మొదటిరోజు బిడ్డ పొట్టలో ఒక విడతకు పట్టేదీ ఇంచుమించు ఆ చెంచాడే. ఈలోగా పప్పు తింటే కుట్లు చీము పడతాయని బాలింతకు రెండు ముద్దల వెల్లుల్లి కారం, గొంతు తడిసేటన్ని నీళ్లు. ఆపైన పాలు రాలేదని ఆశ్చర్యం!

ఇప్పుడు కొత్త సాక్షి దిగింది, మొగుడు మందుల షాపులో కొన్న బ్రెస్ట్ పంపు. చేత్తో పిండి చెంచాతో పట్టాల్సిన చిక్కటి ముర్రుపాలు దాని గొట్టానికే అంటుకుంటాయి. సీసాకు గీతలున్నాయి కనుక అది చెప్పిందే వేదం. బోర్లు దించి అప్పులపాలైన సీమవాళ్లం, మోటారు పోయకపోతే ఎండిందనే అనుకుంటాం. కానీ బోరు తోడేకొద్దీ అడుగంటుతుంది, రొమ్ము తోడేకొద్దీ ఊరుతుంది. బిడ్డ రోజుకు ఎనిమిది నుంచి పన్నెండుసార్లు తోడాలి. మోటారు పరీక్షలో తప్పిన తల్లికి ఆ అవకాశం ఎవరిస్తారు? డబ్బా తెస్తారు.

డబ్బా మీద పసిబిడ్డ బొమ్మ ఉండకూడదని, పాలపిండికి ప్రకటనలు ఇవ్వకూడదని 1992లోనే చట్టం చేశారు. కంపెనీలు బొమ్మ తీసేశాయి. ప్రచారం మాత్రం అత్తగార్లు ఉచితంగా నెత్తికెత్తుకున్నారు. వాళ్ల నోటికి ఏ చట్టమూ వర్తించదు.

నెలలు నిండక అద్దాల పెట్టెలో ఉన్న బిడ్డ, బరువు పడిపోతున్న బిడ్డ సంగతి వేరు. అక్కడ పంపూ, డాక్టరు రాసిన డబ్బా ప్రాణం నిలబెడతాయి. నా గొడవ వాటితో కాదు.

నాలుగో రోజు పాలు పొంగి రొమ్ములు గట్టిపడి సలుపుతాయి. సీసా మరిగిన బిడ్డ రొమ్ము పట్టదు. పంచాయితీ మళ్లీ కూర్చుంటుంది: ‘ఇన్ని పాలు పెట్టుకోని బిడ్డకియ్యకపోతే ఎట్లమ్మా?’ పంపు నిజంగా అక్కరకొచ్చే పూట అదే. పనిచేయలేదని మొగుడు ముందురోజే దాన్ని షాపులో వాపసిచ్చి, ఆ డబ్బుతో రెండో డబ్బా తెచ్చాడు.