కిందికి చూసే దీపం

నేను సైకిలు దీపాన్ని. నాకు బ్యాటరీ లేదు, చార్జింగు పెట్టే పని లేదు. ముందు చక్రం తిరిగినంతసేపూ వెలుగుతాను. నేను పుట్టింది జర్మనీలో, మైనెర్ట్స్‌హాగెన్ అనే చిన్న పట్టణంలో, 1925లో మొదలైన బుష్ అండ్ ముల్లర్ కంపెనీలో. సైకిలు దీపం ఎదుటివాళ్ల కళ్లలో కొట్టకూడదని ఆ దేశపు రోడ్డు చట్టం గట్టిగా చెబుతుంది. నా ఒళ్లంతా ఆ మాటకు కట్టుబడే తయారైంది. నాలోని ఎల్‌ఈడీ ముందుకు చూడదు, లోపల వంపు తిరిగిన అద్దం వైపు చూస్తుంది. ఆ అద్దం వెలుగును పట్టి రోడ్డు మీద పరుస్తుంది. వెలుగు పైఅంచు గీత గీసినట్టు ఆగిపోతుంది.

నన్ను కొనుక్కున్నది నర్సీపట్నంలో పాఠాలు చెప్పుకునే ఒక టీచరమ్మ. సెలవులొస్తే సైకిలుకు సంచులు కట్టుకుని మన్యం రోడ్లెక్కుతుంది. నన్నూ, ఒక షిమానో డైనమో హబ్బునూ తీసుకుని ఊళ్లో పాత సైకిలు షాపుకు వచ్చింది.

షాపు తాత నన్ను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏటమ్మా, లైటు తెచ్చావు గానీ డైనమో ఏదీ?"

"ఇరుసులోనే ఉంది తాతా."

నమ్మలేదాయన. ఒకప్పుడు ఆయన బిగించిన డైనమోలన్నీ సీసా ఆకారంలో ఉండి, టైరు పక్కన ఆనుకుని దాన్ని రాసుకుంటూ తిరిగినవే. అవి నాకు పెద్దలు, వాటి మీద నాకు గౌరవం ఉంది. అయితే వానలో టైరు తడిసిందంటే వాటి చక్రం జారిపోయేది, లైటు ఆరిపోయేది. టైరు పక్కలు అరిగేవి. సైకిలు ఆగితే చీకటే. ఇరుసులో డైనమో పెట్టడం కూడా కొత్తేమీ కాదు, ఇంగ్లండులో స్టర్మీ ఆర్చర్ వాళ్లు 1936లోనే తెచ్చారు. తేలిగ్గా తిరిగే హబ్బూ, తక్కువ కరెంటుతో ఎక్కువ వెలుగిచ్చే ఎల్‌ఈడీ జతకూడాకే మా కాపురం కుదిరింది.

తాత హబ్బును ఒళ్లో పెట్టుకుని ఇరుసును రెండు వేళ్లతో తిప్పాడు. పట్టి వదిలినట్టు, మెట్టు మెట్టుగా తిరిగింది.

"బేరింగు పోయిందేటమ్మా?"

"కాదు తాతా, లోపల అయస్కాంతాలు లాగుతున్నాయి. చక్రం కట్టాక తెలియదు."

నిజమే. అందులో 28 ధ్రువాలున్నాయి. చేతిలో తిప్పితే ఒక్కొక్కటీ తగులుతుంది. స్పోకులు బిగించి, బెండు తీసి, టైరెక్కించి నేల మీద దొర్లించాక ఆ పట్టు సవారీలో పోల్చుకోలేం. నేను వెలిగేటప్పుడు కాళ్లకు పడే అదనపు బరువు ఐదారు వాట్లు. ఘాట్ ఎక్కే కాళ్లకు అది లెక్కలోకి రాదు.

నన్నెక్కడ పెట్టాలనేది అసలు చర్చ. తాత అలవాటుగా హ్యాండిల్ మీద పెట్టబోయాడు. టీచరమ్మ తన ముందు సంచి తెచ్చి హ్యాండిలుకు తగిలించి చూపించింది. నేనక్కడుంటే వెలుగు సంచి వీపు మీదే పడుతుంది. ఇరుసు పక్కన ఫోర్కు కాలికి పెడితేనో? మరీ కిందకు దిగితే చిన్న గులకరాయి కూడా బారెడు నీడ పరుస్తుంది, రోడ్డంతా గోతులే అనిపిస్తుంది. పైగా చక్రం నీడ ఒక పక్కను మింగేస్తుంది. చివరికి ఫోర్కు తల దగ్గర, మడ్‌గార్డు బోల్టు దూరే రంధ్రంలోనే నా స్టీలు పట్టీ కుదిరింది. సంచి కింద, టైరుకు పైన. పొడవు బోల్టు, రెండు పక్కలా వాషర్లు, వదులు కాకుండా లోపల నైలాన్ ఉన్న నట్టు. ఈ నట్టు దగ్గర పొదుపు పనికిరాదు. కంకర రోడ్డు అదురుకు మామూలు నట్టు సడలితే నేను ముక్కు కిందికి వేసేస్తాను, లేదా చక్రంలో పడతాను.

తరవాత తీగలు. తాత చేతుల్లో నేను చూసిన మంచి పని ఇదే. జంట తీగ కొసలు ఒలిచి, సన్నని రాగి పోగుల్ని మెలిపెట్టి, హబ్బుకు వచ్చే చిన్న బూడిదరంగు ప్లగ్గు రంధ్రాల్లోంచి దూర్చి, వెనక్కి మడిచి, గాడిలో పడుకోబెట్టి మూత నొక్కాడు. ఒక్క పోగు పక్కదాన్ని తాకినా షార్టే, అందుకని కళ్లద్దాలు పెట్టుకుని మరీ చూశాడు. పంక్చరు పడితే ఆ ప్లగ్గు లాగేసి చక్రం ఊడదీయొచ్చు. తీగను ఫోర్కు కాలు వెనక టైలతో కట్టి, పైన కొంచెం వదులు ఉంచాడు. హ్యాండిలు రెండు వైపులా చివరిదాకా తిప్పి తీగ బిగుసుకోవడం లేదని చూసుకున్నాకే కత్తెర తీశాడు. వెనక ఎర్రలైటు తీగ నేరుగా హబ్బుకు కాదు, నాకు వస్తుంది. చక్రం జోరందుకున్నప్పుడు డైనమో వోల్టేజీ ఎగిరిపోకుండా అదుపు చేసేది నేనే కదా.

సాయంత్రం చీకటి పడ్డాక నన్ను గోడకు ఎదురుగా 5 మీటర్ల దూరంలో నిలబెట్టారు. నేను నేల నుంచి ఎంత ఎత్తులో ఉన్నానో గోడ మీద సుద్దతో గీత. అందులో సగం ఎత్తున ఇంకో గీత. తాత ముందు చక్రం ఎత్తి తిప్పాడు, టీచరమ్మ నన్ను వంచుతూ పోయింది. బాగా వెలిగే భాగం కింది గీత మీదికి వచ్చాక బోల్టు బిగించింది. తరవాత వెనక క్యారియర్‌కు సంచులన్నీ తగిలించి తాను ఎక్కి కూర్చుంది. వెనక బరువుకు వెలుగు కొద్దిగా పైకి లేచింది. మళ్లీ వంచింది.

చలికాలంలో ఒక తెల్లవారుజామున లంబసింగికి బయల్దేరాం. నర్సీపట్నం నుంచి సుమారు 30 కిలోమీటర్లు. మైదానంలో వేగం గంటకు 15 కిలోమీటర్లు దాటిందంటే డైనమో తన 3 వాట్లూ ఇచ్చేస్తుంది, నాకు కొదవ లేదు. ఘాట్ మొదలయ్యాక నడక వేగానికి పడిపోయాం. చక్రం ఒక్కసారి తిరిగితే కరెంటు పధ్నాలుగు సార్లు ఎగసి పడుతుంది. అంత నెమ్మదిలో ఆ ఎగుడుదిగుడు నా వెలుగులో కనిపిస్తుంది, నేను వణుకుతాను. అయినా రోడ్డు అంచు, గుంత, కొండ వైపు కాలవ కనిపిస్తూనే ఉన్నాయి.

పైన పొగమంచు. పొగమంచులో కళ్ల ఎత్తున దీపం ఉంటే వెలుగు తిరిగొచ్చి చూపునే కప్పేస్తుంది. నేను కింద, సంచి నీడలో ఉన్నాను గనక టీచరమ్మకు తారు రోడ్డు మీది తెల్లగీత దక్కింది. ఒక మలుపులో పై నుంచి జీపు ఒకటి హైబీమ్ వేసుకుని దిగింది. దారీ తెన్నూ తెలియక ఆమె సైకిలు పక్కకు తీసి కాలు మోపింది. చక్రం ఆగినా నేను ఆరలేదు. నాలో కెపాసిటర్ ఉంది, కొన్ని నిమిషాలు సన్నగా వెలిగిస్తుంది. ఆ కాస్త వెలుగు ఆ మలుపులో ఆమె ప్రాణానికి కాపలా. జీపు నన్ను చూసి వేగం తగ్గించి వెళ్లింది.

ఎదురొచ్చే వాళ్లకూ కళ్లుంటాయి. బ్యాటరీ లైటైనా, డైనమో లైటైనా మీ సైకిలుకు బిగించిన రోజున దాన్ని ఒక్కసారి గోడ ముందు పెట్టి చూడండి. సామాను కట్టాక మళ్లీ చూడండి. వెలుగు మీ దీపం ఎత్తు దాటి పైకి పోతుంటే బోల్టు వదులు చేసి కిందికి వంచండి.