సోమశిల రైడ్ ప్రకటన: సటీకా తాత్పర్యం

శనివారం రాత్రి తొమ్మిది దాటాక కొల్లాపూర్ ఫోన్లలో ఒక కొత్త వాఙ్మయం వెలువడుతుంది. దాన్ని వెలయించేవాళ్లు మిగతా రోజుల్లో బ్యాంకులో, బడిలో, ఎరువుల దుకాణంలో అందరిలాగే మాట్లాడే మనుషులే. తెల్లారితే సైకిల్ ఎక్కాలనేసరికి మాత్రం గొంతు మారిపోతుంది. దండయాత్రకు బయలుదేరే రాజు కూడా తన సేనతో ఇంత గంభీరంగా మాట్లాడి ఉండడు. ఇంతటి వాఙ్మయానికి టీక లేకపోవడం లోపమని తోచి పూనుకున్నాను. చిరాకుతో పూనుకున్నానని గిట్టనివాళ్లు అంటారు. చిరాకు వ్యాఖ్యాతకు దోషం కాదు. మన మెదక్ కొలచారం వాడు మల్లినాథుడు, చెడ్డ వ్యాఖ్యల విషం తగిలి కాళిదాసు వాణి మూర్ఛపోయిందని చిరాకు పడే కలం పట్టాడు.

పైగా ఊరు కొల్లాపూర్. జటప్రోలు సంస్థానం రాజధానిగా వెలిగిన చోటు. పదిహేడో శతాబ్దిలో సురభి మాధవరాయలు చంద్రికాపరిణయమనే శ్లేష ప్రబంధం రాస్తే, తర్వాతి కాలంలో వెల్లాల సదాశివశాస్త్రి, అవధానం శేషశాస్త్రి దానికి వ్యాఖ్య కూర్చారు. రాజు కావ్యం రాయడం, పండితుడు టీక రాయడం ఇక్కడి రివాజు. ఇప్పుడు రాజులు లేరు, గేరు సైకిళ్లు ఉన్నాయి. రివాజు తప్పకూడదు.

మూలం:

మిత్రులారా! వాతావరణం బయట ఉండదు, మన మనసులో ఉంటుంది. రేపు ఉదయం 5 గంటలకు కొల్లాపూర్ నుంచి సోమశిల రైడ్. వానైనా, గాలైనా, ఎండైనా ఆగేది లేదు. ప్రకృతిని జయిద్దాం!

పాఠ నిర్ణయం: కర్త ఒక్కడు కాడు. వారం వారం వచ్చిన అనేక ప్రతులను సరిచూసి, అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న పాఠాన్ని పైన ఇచ్చాను. ‘జయిద్దాం’కు బదులు ‘ఆస్వాదిద్దాం’ అని హైదరాబాద్ నుంచి సెలవులకు వచ్చినవారి ప్రతి. ‘ఎండైనా’ తర్వాత ‘హిమపాతమైనా’ అని ఒక ప్రతిలో కనిపిస్తుంది. లేఖకుడు ఏ లడఖ్ యాత్ర ప్రకటననో ఎత్తి రాసుకుంటూ, పాలమూరు దాకా వచ్చాక కూడా కలం ఆపలేదని స్పష్టం. ‘మిత్రులారా’కు ముందు కండ చూపే చేతి బొమ్మలు మూడున్నాయి. అవి ఏ గణానికీ లొంగవు కనుక పరిహరించాను.

ప్రతిపదార్థం: సుగమం. వదిలేశాను.

మొదటి వాక్యం విజ్ఞానవాదం. బయట వస్తువు లేదు, ఉన్నదంతా చిత్తమే అన్న బౌద్ధుల మతం. శంకరులు బ్రహ్మసూత్ర భాష్యంలో, రెండో అధ్యాయం రెండో పాదంలో, దీన్ని ఖండించి వెయ్యేళ్లు దాటింది. ఆ కబురు సైకిల్ గ్రూపులకు ఇంకా అందలేదు. అందకపోతే పోనీ, పట్టిన మతంలోనైనా కర్త నిలబడతాడా అంటే అదీ లేదు. ప్రకటన కిందనే ఫోన్లో చూసిన వాన జోస్యాన్ని స్క్రీన్‌షాట్ తీసి అతికిస్తాడు: 40 శాతం. మనసులో ఉన్నదానికి శాతాలెందుకయ్యా?

వాన కొలత మాట వచ్చింది కనుక ఇక్కడ కొంత నిలవాలి. ఈ విషయంలో నాకు పక్షపాతం ఉంది. కౌటిల్యుడు కోష్ఠాగారం ముందు మూరెడు మూతి ఉన్న పాత్ర పెట్టించి వాన కొలవమన్నాడు. ఏ దేశానికి ఎన్ని ద్రోణాల వాన పడుతుందో పట్టీ కూడా ఇచ్చాడు. అవంతికి 23 ద్రోణాలు. బోధన్ రాజధాని అని చెప్పుకునే మన అశ్మకానికి అందులో సుమారు సగం. రెండువేల ఏళ్ల క్రితమే మన వాటా తక్కువని తేలిపోయిందన్నమాట. ఇక ఆరో శతాబ్దిలో వరాహమిహిరుడు మబ్బుకు గర్భం కట్టించాడు. మార్గశిరంలో గాలి, మెరుపు, పరివేషం చూసి మబ్బు గర్భం దాల్చిందని గుర్తిస్తే, సరిగ్గా 195వ రోజున వాన ప్రసవమవుతుంది. ఈ లెక్క నిజమా కాదా అన్నది వేరే మాట. 195 రోజుల ముందు చెప్పిన మాటకు కట్టుబడే ధైర్యం ముఖ్యం. నేటి ఫోన్ జోస్యం గంటకోసారి మాట మారుస్తుంది, మారిస్తే అప్‌డేట్ అంటుంది.

ఆ తర్వాత కార్తెలు. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు పద్నాలుగు రోజులు ఒక్కో కార్తె. మే 25 ప్రాంతంలో రోహిణి, జూన్ రెండో వారంలో మృగశిర, ఆ నెలాఖరుకు ఆరుద్ర. రోళ్లు పగిలే రోహిణికి ఎదురుచూసేవాడు ఎవడూ లేడు. మృగశిరనాడు చేపలు తినని ఇల్లు ఈ నదీతీరంలో అరుదు. ఆరుద్ర కురిస్తే విత్తనం బతికినట్టే. పంచాంగకర్తలు ఒక్కో కార్తెకు వాహనం కూడా కట్టబెడతారు: గుర్రం, నక్క, కప్ప, గొర్రె, నెమలి, ఎలుక, దున్న, గాడిద, ఏనుగు. కప్పో ఏనుగో వచ్చిందంటే రైతు మొగం విచ్చుకుంటుంది. నక్క వస్తే పంచాంగం మూసి పక్కన పెడతాడు. ఏడాది వానలో సముద్రానికి ఇన్ని భాగాలు, కొండలకు ఇన్ని, నేలకు ఇన్ని అని పంపకం కూడా జరుగుతుంది. సముద్రానికి ఎందుకంత పెద్ద వాటా ఇచ్చారో, అక్కడ ఏ పంట పండుతుందో, నాకు చిన్నప్పటి నుంచీ మింగుడుపడలేదు. ఈ తొమ్మిది వాహనాల్లో సైకిల్ లేదు. గాడిదకు దక్కిన స్థానం సైకిల్‌కు దక్కలేదని గ్రూపువారు మనసు కష్టపెట్టుకోకూడదు. వాన తన వాహనం తానే ఎంచుకుంటుంది, మన దాని మీద ఎక్కదు.

1875లో పుట్టిన భారత వాతావరణ శాఖ కూడా ఈ సంప్రదాయానికి బయటిది కాదు. ‘ఒకటి రెండు చోట్ల’ అని రేడియోలో వినిపించే మాటకు ఆ శాఖ లక్షణం కట్టింది: ఆ ప్రాంతంలోని కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా వాన పడటం. ‘కొన్ని చోట్ల’ అంటే సగం దాకా. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లకు చేరితే గానీ ‘భారీ’ అనకూడదు. మాటకు ఇంత కట్టుదిట్టమైన హద్దు గీసిన గ్రంథం అలంకారశాస్త్రంలోనూ అరుదు. ఆ ఒకటి రెండు చోట్లు ఏవో మాత్రం చెప్పరు. ఆ చోటు మా పెంట్లవెల్లి అయినా కావచ్చు, మీ నాగర్‌కర్నూల్ అయినా కావచ్చు. ఇంతకీ మనం ఏ వాక్యం మీద ఉన్నాం?

‘రేపు ఉదయం 5 గంటలకు.’ ప్రకటనకు ఆయువుపట్టు ఇక్కడుంది. మే నెలలో ఈ నేల పగలంతా కాగుతుంది. కాగిన గాలి పైకి లేస్తుంది. దానికి తేమ తోడైతే మధ్యాహ్నం తిరిగాక గోపురమంత మబ్బు నిలబడుతుంది. మూడింటికో నాలుగింటికో గాలిదుమారం, ఉరుము, పిడుగు, ఒక్కోసారి వడగండ్లు. తెల్లవారుజామున నేల చల్లారి ఉంటుంది కనుక మబ్బును అంత ఎత్తు లేపే వేడి ఉండదు. అంటే వేసవి వాన సాధారణంగా రాని వేళ చూసుకుని, ఆ వేళకు ‘వానైనా ఆగేది లేదు’ అని శపథం పట్టడమన్నమాట. దీనికి దండిలోనూ అప్పయ్య దీక్షితుల్లోనూ పేరు దొరకలేదు. నేనే ‘నిరపాయోక్తి’ అని పెట్టుకున్నాను. లక్షణం: అపాయం లేని చోట నిలబడి అపాయాన్ని పేరు పెట్టి పిలుచుట.

ఆ నాలుగింటి వాన ఎవరి మీద పడుతుందో కర్త రాయలేదు, నేను రాస్తాను. సోమశిల దారిలోనూ, ఇటు పెద్దకొత్తపల్లి వైపూ ఉన్నవి మామిడి తోటలు, ఎక్కువగా బేనిషాన్. పూత మీదనే తోటను గుత్తకు పట్టినవాడు అప్పు తెచ్చి పెట్టుబడి పెట్టాడు. కాయ ముదిరి, కోసి బాటసింగారం మార్కెట్‌కు ఎక్కించాలనుకునే వారంలోనే ఆ గాలి వస్తుంది. గంటలో చెట్టు కింద కాయ పరుచుకుంటుంది. రాలిన కాయను మార్కెట్ కాయగా లెక్కపెట్టరు, దెబ్బ తగిలినచోట రెండు రోజుల్లో నల్లబడుతుంది. ఏరుకోవడానికి కూలి ఇవ్వాలి, అమ్మితే ఆ కూలి రాదు. మర్నాడు పొద్దున్నే ఆ తోట పక్క నుంచి వెళ్లిన రైడర్ ఫొటో పెట్టి ‘నిన్నటి వానకు వాతావరణం అద్భుతం, మట్టి వాసన, నేల మీద పచ్చటి తివాచీ’ అని రాశాడు. ఆ తివాచీ కాయలది. ఇక్కడ కొద్దిసేపు నేను టీకాకారుణ్ణి కాను. వాన రైడ్‌ను ఆస్వాదించవద్దని ఎవరూ అనరు, ఏటి గాలి అందరిదీ. కానీ ఫొటోలో ఉన్నదేమిటో చూసి రాయాలి కదా. తోట కాపరి ఆ రైడర్‌ను ఆపి, ‘ఇంత పొద్దుగాల సైకిల్ మీద యాడికి సారూ, బండి ఖరాబైందా?’ అని నిజమైన కనికరంతో అడిగాడట. ఆ మాటను రైడర్ ‘స్థానికుల ఆశ్చర్యం’ అని నమోదు చేసుకున్నాడు.

‘సోమశిల.’ కృష్ణ ఒడ్డున లలితా సోమేశ్వరస్వామి ఉన్న చోటు. ఎదురొడ్డున నల్లమల, సిద్ధేశ్వరం. కొల్లాపూర్ నుంచి పది కిలోమీటర్లకు అటూ ఇటూ. ఇంత దూరానికి నీళ్ల సీసాలు రెండు, ఖర్జూరాలు, విద్యుల్లవణాల పొట్లం, గుండె వేగం చెప్పే పట్టీ. దూరం సంగతి తీసిన తర్వాత ఈ తీరపు అసలు యాత్రికుల సంగతి చెప్పకపోతే పాపం. శ్రీశైలం ప్రాజెక్టు జలాశయం 885 అడుగుల మట్టానికి నిండితే మునిగే ఊళ్లలో గుళ్లుండేవి. సోమశిల సోమేశ్వరుడు, జటప్రోలు మదనగోపాలస్వామి, మంచాలకట్ట మాధవస్వామి ముంపు తప్పించుకుని ఎగువకు వచ్చినవారే. మంచాలకట్ట గుడి అయితే ఏకంగా కొల్లాపూర్‌కే వచ్చింది. రాయి రాయికీ అంకె వేసి, విప్పి, మోసుకొచ్చి, అంకెల వరసలో మళ్లీ పేర్చారు. ఈ రోడ్ల మీద జరిగిన యాత్రల్లో దీన్ని మించినది లేదు. గుడి తన సగటు వేగం ఎవరికీ పంపలేదు.

ఒడ్డు దాకా వెళ్లినవాడు వెనక్కి తిరగాల్సిందే, దాటాలంటే పడవ. కల్వకుర్తి నుంచి నంద్యాల వైపు వెళ్లే 167కె జాతీయ రహదారి మీద సోమశిల దగ్గర తీగల వంతెనకు 2022లో కేంద్రం ఒప్పుకుంది. అది పూర్తయ్యాక రైడ్ సిద్ధేశ్వరం దాకా సాగుతుంది, ప్రకటన కూడా ఆ మేరకు సాగుతుంది. టీకకు రెండో సంపుటం తప్పదు.

‘వానైనా, గాలైనా, ఎండైనా.’ ఈ మూడింటిలో వానకు మాత్రమే వ్యాఖ్య రాస్తాను, కారణం మడ్‌గార్డ్. యాభై వేలు పోసి కొన్న సైకిల్‌కు మడ్‌గార్డ్ ఉండదు. అది బరువట. వాన వెలిసిన రోడ్డు మీద వెనక చక్రం తిరుగుతుంటే నల్లరేగడి బురద నడుము మొదలు మెడ దాకా నిలువు గీతగా లేస్తుంది. ఊర్ధ్వపుండ్రం నుదుట ధరించే సంప్రదాయమే మనకు తెలుసు. వీపున ధరించే సంప్రదాయాన్ని ఈ రైడర్లే నెలకొల్పారు. పాలక్యాన్లు కట్టుకుని తిరిగే నల్ల సైకిల్‌కు ముందొకటి, వెనకొకటి, రెండు మడ్‌గార్డులుంటాయి. చైన్‌కు కవరుంటుంది. అది వానను జయించాలనుకోలేదు, వానలో పనిచేయాలనుకుంది. పొడవు దారుల సైకిల్ యాత్రికులకు ఈ సంగతి తెలుసు. 1891లో మొదలైన పారిస్–బ్రెస్ట్–పారిస్ దారిలో 1200 కిలోమీటర్లు 90 గంటల్లో తొక్కేవాళ్లలో మడ్‌గార్డ్ బిగించుకోవడం నామోషీ అనుకోని సంప్రదాయం ఒకటుంది. ఇటు హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబర్ 1న తెరిచిన 23 కిలోమీటర్ల సైకిల్ దారికి నెత్తిన సోలార్ పలకల కప్పే వేశారు. అక్కడ రైడర్ మీద ఎండా పడదు, వానా పడదు, పైగా కరెంటు పుడుతుంది. ‘ఏదైనా ఆగేది లేదు’ అనే ప్రతిజ్ఞకు ఇంతకన్నా తగిన వేదిక లేదు.

‘ప్రకృతిని జయిద్దాం.’ 2020 అక్టోబర్‌లో, ఇదే కృష్ణ నీళ్లను ఎత్తిపోసే ఎల్లూరు పంపుహౌస్‌లోకి నీళ్లు చొచ్చుకొచ్చి పంపులు మునిగాయి. ఇంతకు మించి వ్యాఖ్య అనవసరం.

ప్రక్షిప్త విచారం: జూలైలో, బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టి రాత్రంతా ముసురు కురిసిన ఒక ఆదివారం, తెల్లవారుజామున ఇంకొక వాక్యం వెలువడింది: ‘రైడ్ రద్దు. రోడ్డు మీద నీళ్లు.’ ఇది మూలకర్తది కాదని ఒక పక్షం. సంబోధన లేదు, విశేషణం లేదు, కండ బొమ్మ లేదు. నీళ్లు మనసులో కాక రోడ్డు మీద ఉన్నాయని ఒప్పుకోవడం మొదటి వాక్యంలోని సిద్ధాంతానికి విరుద్ధం. కర్తదేనని నా పక్షం. నిద్ర కళ్లతో రాసినప్పుడు ఎవరి శైలి అయినా బాగుపడుతుంది. ఇంత నిర్దుష్టమైన గద్యం ఆ గ్రూపులో ముందూ లేదు, తర్వాతా లేదు.

ఆ పొద్దున పాలాయన మాత్రం ఎప్పటి వేళకే వచ్చాడు, యూరియా సంచిని నెత్తిన కొప్పెర వేసుకుని. పాలు పలచగా ఉన్నాయేమని మా ఇంట్లో అడిగితే, ‘రాత్రంతా వాన కొట్టింది కదమ్మా’ అన్నాడు.