మా ఊరి నర్సును అదుపులో ఉంచినందుకు కృతజ్ఞతలు

మహారాజశ్రీ జాతీయ వైద్య కమిషన్ పెద్దల సముఖమునకు,

ఇక్కడ మేమంతా క్షేమం. అంటే జ్వరాలు, షుగర్లు, కీళ్ల నొప్పులు ఉన్నాయి. వాటిని మా ఆర్‌ఎంపీ గారు చూసుకుంటున్నారు. ఆయనకు డిగ్రీ లేదు, బండి ఉంది. బండికి తగిలించిన సంచిలో డైక్లోఫెనాక్, డెక్సామెథసోన్, ఏవో రెండు రకాల యాంటీబయాటిక్‌లు ఉంటాయి. వరండాలో మేకుకు గ్లూకోజు సీసా వేలాడదీసి, పడుకున్న మనిషిని లేపి కూర్చోబెడతారు. వాడేసిన సూది చెరువు గట్టుకు చేరుతుంది. అయితే అర్ధరాత్రి పిలిచినా వస్తారు, డబ్బు పంట చేతికొచ్చాక ఇమ్మంటారు. అందుకే ఆయన్ని పల్లెత్తు మాట అనలేం.

మా ఊరి కోడలొకామె ఉంది. నాలుగేళ్లు బీఎస్సీ నర్సింగ్ చదివి, పట్నంలో ఐసీయూ డ్యూటీలు చేసి వచ్చింది. ముందు గదిలో చిన్న క్లినిక్ పెడతానంటే, చట్టం ఒప్పుకోదన్నారు. చదవనాయన బోర్డు కట్టుకున్నాడు, చదివినామె చట్టానికి జడిసి ఊరుకుంది. ఈ శాంతిభద్రతలు తమ చలవే.

2019 నాటి తమ చట్టంలో 32వ సెక్షన్ ఒకటుంది. ఆధునిక వైద్యంతో సంబంధమున్న వారికి పరిమిత లైసెన్సు ఇవ్వవచ్చనీ, ప్రాథమిక వైద్యం వరకు కొన్ని మందులు వారు సొంతంగా రాయవచ్చనీ అందులో ఉంది. ఆ లైసెన్సులు డాక్టర్ల సంఖ్యలో మూడో వంతు మించకూడదట. దాని మీద డాక్టర్లు సమ్మె చేశారు. ఎవరు అర్హులో నిబంధనల్లో చెబుతామని ఆ సెక్షనే అంటోంది. ఆ నిబంధనల కోసమే ఈ ఉత్తరం.

సబ్‌సెంటర్ల సంగతి మరీ విచిత్రం. ఆయుష్మాన్ భారత్ కింద ఆరు నెలల కోర్సు చేసిన నర్సులనే అక్కడ కూర్చోబెట్టారు. మా వైపు ఎంఎల్‌హెచ్‌పీలంటారు. బీపీ చూస్తారు, మాత్రలిస్తారు. సర్కారు కుర్చీలో ఉన్నంతసేపూ ఉండే తెలివి సొంత కుర్చీలో కూర్చోగానే ఆవిరవుతుంది కాబోలు.

అలాగని రేపే లైసెన్సులు పంచిపెట్టమనడం లేదు. ఐసీయూలో నరం దొరకబుచ్చుకోవడం వేరు, వెనక డాక్టరు లేకుండా ఒక్కతే కూర్చుని ‘ఈ మంట గ్యాసా, గుండెపోటా’ అని తేల్చడం వేరు. అది నేర్పండి. ఏ కేసు ఉంచుకోవాలో, దేనికి 108ని పిలవాలో, ఫోను చేస్తే ఏ డాక్టరు ఎత్తుతారో రాసివ్వండి. నర్సింగ్ కాలేజీలో ఎవరూ చెప్పనివి ఇంకొన్ని ఉన్నాయి: అద్దె, రిజిస్ట్రేషను, మందుల గడువు తేదీలు, అప్పుల పద్దు. పక్కింటి పెద్దత్తను ఫీజు ఎలా అడగాలన్నదే మొదటి పాఠంగా పెట్టాలని నా మనవి. సూదులు తెల్ల డబ్బాలో, రక్తం అంటిన దూది పసుపు సంచిలో వేయాలని మా ఊరి కోడలికి ఇదివరకే తెలుసు. ఆ సంచులు పట్టుకెళ్లే బండే మా ఊరికి రాదు.

అమెరికాలో 1965లోనే కొలరాడో విశ్వవిద్యాలయంలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు పెట్టారు. 1977లో గ్రామీణ క్లినిక్‌ల చట్టం తెచ్చి, అక్కడ ఆ కోర్సు చేసిన నర్సు చూసిన రోగికి కూడా ప్రభుత్వ బీమా డబ్బు వచ్చేట్టు చేశారు. నాకు నచ్చింది ఈ రెండోదే. కోర్సు ఎవరైనా పెడతారు, పల్లెలో క్లినిక్ తలుపు తెరిచి ఉంచేది ఆ డబ్బే. మన ఆరోగ్యశ్రీలో అటువంటి చిన్న క్లినిక్‌కు చోటు లేదు.

కాబట్టి అయ్యా, 32వ సెక్షన్‌కు నిబంధనలు రాయండి. నర్సులకు ఏడాదో రెండేళ్లో తర్ఫీదు పెట్టండి, పరీక్ష పెట్టండి, తప్పిన వాళ్లను ఇంటికి పంపండి. వద్దనుకుంటే ఆ సెక్షన్‌నే కొట్టేసి, ఆ మాట మాకు ఒక కార్డు ముక్క మీద రాయండి.

ఇట్లు,
తమ విధేయుడు,
పూటకో బీపీ మాత్ర మింగే గ్రామస్థుడు