డబ్బిచ్చి కప్పించుకున్న శాలువా

ఇల్లు అలకగానే పండగ కాదని వెబ్‌సైట్ పెట్టిన ప్రతివాడికీ నెల తిరక్కముందే తెలిసొస్తుంది. గూగుల్‌లో వెతికితే పక్కవాడి దుకాణం మొదటి పేజీలో ఉంటుంది, మనది ఐదో పేజీలో. సరిగ్గా అప్పుడే, వెతుకులాటలో సైటును పైకి తెస్తానంటూ ఎస్‌ఈవో నిపుణుడు ప్రత్యక్షమవుతాడు. పెద్ద సైట్లలో గూగుల్ లెక్కలోకొచ్చే యాభై డూఫాలో లింకులు, నెలవారీ ప్యాకేజీ, ర్యాంకు గ్యారంటీ అంటాడు. ఆ లింకులిచ్చే వాళ్లెవరో మీకు తెలియదు, మీ సరుకెలాంటిదో వాళ్లకు తెలియదు. అయినా మీ గొప్పతనానికి వాళ్లంతా సాక్షులు!

ఈ సాక్ష్యానికి విలువ కట్టింది 1998లో గూగుల్ పెట్టిన స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్. మంచి పరిశోధన పత్రాన్ని నలుగురూ ఉటంకిస్తారు కాబట్టి మంచి పేజీకి నలుగురూ లింకిస్తారని వాళ్ల లెక్క. ఊరికే ఎవరూ ఎవర్నీ మెచ్చుకోరని పాపం నమ్మారు. మన సన్మాన సభలు చూసుంటే కాస్త ఆలోచించేవారు. శాలువా, మెమెంటో, సన్మాన పత్రం, టిఫిన్లు అన్నీ సన్మానగ్రహీత ఖర్చే. చప్పట్లు మాత్రం సభవి. కొన్న లింకు సరిగ్గా అలాంటి శాలువాయే.

అమెరికాలో జేసీ పెన్నీ అనే పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ ఈ శాలువాలు టోకున కప్పించుకుంది. ఆ సంగతి 2011 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. గౌన్లు అమ్మే పేజీకి లింకులు ఎక్కడెక్కడున్నాయో చూడండి: గురక గురించిన సైట్లో, పళ్ల డాక్టర్ల సైట్లో, బాత్రూం టైల్స్ సైట్లో. గురకకీ గౌనుకీ సంబంధమేమిటని మనిషి అడుగుతాడు, యంత్రం అడగలేదు. శామ్‌సోనైట్ పెట్టెల కోసం వెతికితే శామ్‌సోనైట్ వాళ్ల కంటే ముందు పెన్నీయే వచ్చేది. గూగుల్ కొరడా ఝళిపించాక, రెండు గంటల్లో ఒకటో స్థానం కాస్తా 71 అయింది. మాకేమీ తెలియదని కంపెనీ చెప్పి, ఎస్‌ఈవో సంస్థను సాగనంపింది. శాలువా ఎవరు కప్పారో కప్పుకున్న వాడికే తెలియదన్న మాట!

అందరూ చేస్తున్నదే కదా అనే వాదన ఒకటుంది. దానికి 71 అనే అంకె చాలు. అసలు గట్టి వాదన వేరే ఉంది: డబ్బు తీసుకుని పైన ప్రకటనలు చూపించే గూగులా మనకు నీతులు చెప్పేది? నిజమే, గూగుల్ ధర్మరాజేమీ కాదు. సెర్చ్‌లో అక్రమంగా గుత్తాధిపత్యం నిలబెట్టుకుందని 2024లో అమెరికా కోర్టే తేల్చింది. కానీ ఆ ప్రకటన నెత్తిన ప్రకటన అని రాసి ఉంటుంది, చిన్న అక్షరాల్లోనైనా. లింకు కొనడమే తప్పని గూగుల్ కూడా అనడం లేదు. కొన్నదాన్ని లెక్కలోకి తీసుకోవద్దని స్పాన్సర్డ్ అనో, నోఫాలో అనో కోడ్‌లో గుర్తు పెట్టమంటోంది. నోఫాలో 2005 నుంచీ ఉంది, స్పాన్సర్డ్ 2019లో వచ్చింది. 2012లో గూగుల్ తన సొంత క్రోమ్ బ్రౌజర్‌కి ప్రచారం చేసిన పెయిడ్ పోస్టులో ఆ గుర్తు లేదని తేలితే క్రోమ్ పేజీనే కిందికి దించింది.

చిన్న వ్యాపారి గోడు మాత్రం కొట్టిపారేయలేం. ఊరికే లింకెవరిస్తారని అతని ప్రశ్న. లింకుకు రేటు కట్టిన పాపంలో మా పత్రికలకూ వాటా ఉంది. బ్రిటన్‌లో పూల వ్యాపారి ఇంటర్‌ఫ్లోరా 2013లో ప్రాంతీయ పత్రికలకు డబ్బిచ్చి వార్తల్లాంటి ప్రకటనల్లో లింకులు పెట్టించుకుంది. ఫలితంగా కొన్నాళ్లు సొంత పేరుతో వెతికినా దొరకలేదు. అమ్మిన పత్రికలకూ మొట్టికాయలు పడ్డాయి. అయినా ఊరికే లింకులు రాకపోవు: పంచె సైజులు, ఉతికే పద్ధతి, రంగు పోతుందా లేదా అన్నది నిజాయితీగా రాసిన చేనేత దుకాణం పేజీకి లింకులు నెమ్మదిగానే వస్తాయి. అవి పదే కావచ్చు. కానీ కొన్న యాభైనీ గూగుల్ లెక్కలోంచి తీసేసిన రోజున మిగిలేవి ఆ పదే. 2016 నుంచి, మోసపు లింకుల్ని పట్టే దాని పెంగ్విన్ వ్యవస్థ చేస్తున్న పని ముఖ్యంగా ఈ తీసివేతే.

ఇంతకీ మీ ఎస్‌ఈవో నిపుణుడు మళ్లీ వస్తే ఒక్క మాట అడగండి: ఆ యాభై లింకులకూ స్పాన్సర్డ్ అని గుర్తు పెట్టిస్తే ప్యాకేజీ ఎంత? చెప్పిన ధరలో ఎంత తగ్గిస్తే, ఇన్నాళ్లూ మీరు అబద్ధానికి కట్టింది అంత.