మా రోజుల్లో కరెంటు బోర్డుకో సంతకం ఉండేది

మా రోజుల్లో ఇంటికి కొత్తగా కరెంటు తెచ్చుకోవాలంటే ఒక పద్ధతి ఉండేది. లైసెన్సున్న వైరింగ్ కాంట్రాక్టరు పని ముగించి, మెగ్గర్ పెట్టి ఇన్సులేషన్ చూసి, ఎర్తింగ్ చూసి, టెస్ట్ రిపోర్టు రాసి కింద సంతకం పెట్టాలి. అది చేతికొచ్చాకే బోర్డు వాళ్ళు సర్వీసు ఇచ్చేవాళ్ళు. బెజవాడ పటమట నుంచి కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు దాకా అలాంటి రిపోర్టుల మీద నా సంతకాలు చాలా ఉన్నాయి. ఆ ఇంట్లో రేపు ఏదైనా జరిగితే ముందు నా తలుపే తట్టేవాళ్ళు. అందుకే స్క్రూ బిగించాక కూడా ఒకటికి రెండుసార్లు లాగి చూసేవాణ్ణి.

ఇప్పుడు మా అబ్బాయి పోరంకిలో ఇల్లు కట్టుకుని, కారు షెడ్డు గోడకు ఎలక్ట్రిక్ కారు ఛార్జర్ పెట్టించుకున్నాడు. 32 ఆంపియర్లది, ఏడు కిలోవాట్ల పైచిలుకు ఇస్తుంది. పని శుభ్రంగా చేశారు. విడిగా ఆరు ఎంఎం రాగి వైరు లాగారు, ఎంసీబీ, ఆర్‌సీసీబీ పెట్టారు. నేను దగ్గరుండి చూశాను, వంక పెట్టేందుకు ఏమీ లేదు. రాత్రి తగిలిస్తే తెల్లారేసరికి నిండేది. వాడి ఉద్యోగం బందరులో. రోజూ పోయి రావాలంటే నిండు బ్యాటరీ ఉంటేనే ధీమా.

ఒక పొద్దున చూస్తే కారు సగమే నిండింది. మర్నాడూ అంతే. వాడు కారును అనుమానించాడు. నేను క్లాంప్ మీటరు తెచ్చాను. కరెంటు 16 ఆంపియర్ల దగ్గర నిలబడిపోయింది. వోల్టేజీకి ఏ లోటూ లేదు. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు వోల్టులు కూడా లేవు. టెర్మినళ్ళు చల్లగా ఉన్నాయి. మరి సగానికి కోసిందెవరు? కంపెనీకి ఫోన్ చేస్తే అటువైపు కుర్రాడు, "రాత్రి అప్‌డేట్ వెళ్ళింది సార్, ఒకసారి మీ ఎర్తింగ్ చెక్ చేయించుకోండి సార్" అన్నాడు. చూసే ఫోన్ చేశానని చెబితే అతని దగ్గర ఇంకో మాట లేదు. కొన్నాళ్ళకు మరో అప్‌డేట్ వచ్చింది, మళ్ళీ 32కు ఎక్కింది. ఎందుకు తగ్గించారో చెప్పలేదు, ఎందుకు పెంచారో చెప్పలేదు. ఇంట్లో వాళ్ళు నిద్రలో ఉండగా ఎవరో వచ్చి బోర్డులో ఫీజు వైరు మార్చి పోయినట్టే ఇది. మా రోజుల్లో అలా చేసినవాణ్ణి ఊళ్ళో ఎవరూ మళ్ళీ గుమ్మం తొక్కనిచ్చేవాళ్ళు కాదు.

దీని వెనక ఏం జరుగుతుందో చెబుతాను, తెలుసుకోవాల్సిన సంగతి. గోడ మీది డబ్బాలో ఏసీని డీసీ చేసే సామాను ఉండదు. ఆ పని కారు లోపలి ఆన్‌బోర్డ్ ఛార్జర్ చేస్తుంది. గోడ డబ్బాలో ఉండేది ఒక రిలే, కొన్ని రక్షణ ఏర్పాట్లు, కారుకు కబురు పంపే చిన్న సర్క్యూట్. కేబుల్‌లో పైలట్ అనే సన్న తీగ మీద సెకనుకు వెయ్యి చొప్పున పల్స్‌లు పోతుంటాయి. ఒక్కో పల్స్‌లో నూటికి 27 వంతుల సేపు వోల్టేజీ పైన నిలిస్తే కారు 16 ఆంపియర్లు లాగుతుంది, 53 వంతులు నిలిస్తే 32. అంతే. ప్రోగ్రాములో ఆ ఒక్క అంకె మారిస్తే చాలు, ఇంట్లో ఒక్క తీగ కదలకుండా కారు సగం వేగానికి పడిపోతుంది. 40 యూనిట్ల బ్యాటరీ ఖాళీగా ఉంటే ఆరు గంటల్లో నిండాల్సింది పన్నెండు గంటలు పడుతుంది. రాత్రి పదింటికి పెట్టినవాడికి పొద్దున్న ఏడింటికి బండి కావాలంటే ఎక్కణ్ణుంచి వస్తుంది?

తగ్గించనే కూడదని నేననను. మే నెల ఎండలో, పడమటి గోడ మీద, రేకుల షెడ్డు కింద ఆ డబ్బా మాడిపోతుంది. లోపల వేడి హద్దు దాటితే ఆంపియర్లు తగ్గించుకోవడం మంచి ప్రోగ్రామే. ఎక్కడో టెర్మినల్ వదులై కాలుతుంటే పసిగట్టి ఆగిపోవడం ఇంకా మంచిది. మా కాలంలో ఇలాంటి కాపుదల లేదు. తడిచేత్తో ఇస్త్రీపెట్టె ముట్టుకుని, ఎర్త్ లేని గ్రైండరు పట్టుకుని పోయినవాళ్ళ ఇళ్ళకు నేను వెళ్ళాను. 30 మిల్లీ ఆంపియర్లు లీకైతే చాలు, టక్కున కొట్టేసే ఆర్‌సీసీబీ ఆనాడు ప్రతి ఇంట్లో ఉంటే ఆ మనుషులు బతికేవాళ్ళు. 2022 ఏప్రిల్‌లో మన విజయవాడలోనే, ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి మనిషి పోయాడు. ఆ ఏడాది దేశంలో ఇలాంటివి వరసగా జరిగాకే కేంద్రం బ్యాటరీల భద్రతా ప్రమాణాలు బిగించింది. జాగ్రత్త కోసం తగ్గిస్తే తప్పకుండా తగ్గించండి. కానీ చెప్పి తగ్గించండి.

చెప్పడం అంటే ఎలా ఉండేదో మా పాత లైన్‌మన్లను చూసి నేర్చుకోవాలి. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో మొదటి యూనిట్ 1979లో నడిచింది. అంత కరెంటు మన పక్కనే పుడుతున్నా అవనిగడ్డ, నాగాయలంక చివరి ఊళ్ళలో సాయంత్రమయ్యేసరికి బల్బు ఎర్రగా మిణుకుమిణుకుమనేది. దూరపు లైన్లు, సన్న తీగలు, ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద మోయలేనంత లోడు. మోటార్లు కాలిపోయి రీవైండింగ్ షాపులకు చేరేవి. అలాంటప్పుడు లైన్‌మన్ స్తంభమెక్కి మన సర్వీసును ఇంకో ఫేజు మీదకు మార్చి, దిగి వచ్చి గుమ్మంలో నిలబడి, "మీది పక్క ఫేజు మీద వేశానండీ, రెండ్రోజులు చూడండి, బాగోకపోతే కబురు చేయండి" అని చెప్పి మంచినీళ్ళు తాగి వెళ్ళేవాడు. ఏం మార్చాడు, ఎందుకు మార్చాడు, తేడా వస్తే ఎవరిని అడగాలి, మూడూ ఆ ఒక్క మాటలో ఉండేవి. అతనికి మీద అధికారులెవరూ అలా చెప్పమని రాసివ్వలేదు. మార్చినవాడు చెప్పాలి, అది పనిలో భాగమని అతనికి తెలుసు.

ఇక ఎర్తింగ్ గురించి ఆ కుర్రాడన్న మాట కొట్టిపారేయదగ్గది కాదు. చాలా ఛార్జర్లు ఎర్త్ సరిగా లేదని తోస్తే కారుకు కరెంటు వదలవు. ఎంత తేడాను సహించాలి, ఎక్కడ ఆగాలి అన్న హద్దు ప్రోగ్రాములో ఉంటుంది. ఆ హద్దును ఎక్కడో కూర్చున్నవాళ్ళు బిగిస్తారు. వాళ్ళకు మన నేల సంగతి తెలియాలి కదా. డెల్టాలో నల్లమట్టి. కాలువల్లో నీళ్ళు పారినంత కాలం నేల తడిగా ఉంటుంది, ఎర్త్ చక్కగా పనిచేస్తుంది. వేసవిలో కాలువలు కట్టేస్తే అదే నేల చెయ్యి దూరేంత బీటలు తీస్తుంది, ఎర్త్ పైపు చుట్టూ మట్టి విడిపోతుంది. జనవరిలో బాగున్న ఎర్త్ మే నెలలో బాగుండదు. సముద్రం దగ్గరి ఊళ్ళలో ఉప్పునేల పైపునే తినేస్తుంది. మేము గుంత లోతుగా తీసి, బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేసి, పైపు పైన గరాటు పెట్టి, ఎండాకాలం నీళ్ళు పోయమని ఇంటి ఆడవాళ్ళకు మరీ మరీ చెప్పి వచ్చేవాళ్ళం. ఇప్పుడు ఆ గుంత మీద టైల్స్ పరిచేస్తున్నారు. పార్కింగ్ అందంగా ఉండాలట. ఎర్త్ గుంత ఎక్కడుందో ఇంటివాళ్ళకే తెలియని ఇళ్ళు ఈ చుట్టుపక్కల ఎన్నో.

రక్షణ మొత్తాన్ని ప్రోగ్రాముకు అప్పజెప్పడం మంచిది కాదన్నది నా ఒక్కడి ఛాదస్తం కాదు. 2023 మార్చిలో స్వీడన్ విద్యుత్ భద్రతా సంస్థ నార్వేలో తయారైన ఒక ఇంటి ఛార్జర్ అమ్మకాలను నిలిపేయించింది. అందులోని ఎర్త్ లీకేజీ రక్షణ మీద ముఖ్యమైన అభ్యంతరం. బ్రిటన్ ఇంకా ముందే మేల్కొంది. అక్కడ 2022 నుంచి అమలైన నిబంధనల ప్రకారం ఇంటి ఛార్జర్‌కు నెట్ తెగిపోయినా కారుకు కరెంటు ఇవ్వగలగాలి, రాబోయే అప్‌డేట్ గురించి యజమానికి కబురు అందాలి. ఆ రెండు మాటలు తెలుగులో రాసి మన దేశంలోనూ పెట్టాలన్నదే నా కోరిక.

నెట్ తెగినా పనిచేయడం ఎందుకంత ముఖ్యమో బెజవాడ వాళ్ళకు వేరే చెప్పాలా? 2024 సెప్టెంబరు 1న బుడమేరు వరద సింగ్‌నగర్ మీద పడ్డప్పుడు కరెంటూ పోయింది, ఫోన్లూ మూగబోయాయి. యాప్ తెరిస్తేగాని మొదలుకాని ఛార్జర్ అలాంటి వారంలో గోడకు అలంకారమే. వరద మాటకొస్తే, ఛార్జింగ్ స్టేషన్లలో సాకెట్ నేల నుంచి కనీసం 800 మిల్లీమీటర్ల ఎత్తున ఉండాలని కేంద్ర నిబంధన. మామూలు చోట్ల సరిపోతుంది. కింది అంతస్తులే మునిగిన పేటల్లో రెండున్నర అడుగుల ఎత్తు ఏ మూలకు? నీళ్ళు తిన్న ఛార్జర్‌ను ఆరబెట్టి, మెగ్గర్ వేసి చూశాకే స్విచ్ వేయాలి. ఆ పని మనిషే చేయాలి, ఏ అప్‌డేటూ చేయలేదు.

అమెరికాలో మన పిల్లలకు ఇంకో అనుభవం. 2024 అక్టోబరులో జ్యూస్‌బాక్స్ ఛార్జర్లు అమ్మిన ఎనెల్ ఎక్స్ వే కంపెనీ ఉత్తర అమెరికాలో దుకాణం కట్టేసింది. కొన్నవాళ్ళ గోడల మీద డబ్బాలు మిగిలాయి, వాటిని చూసుకోవాల్సిన కంపెనీ లేకుండా పోయింది. నేను బిగించిన పాత పింగాణీ ఫీజులు, వాటిని తయారుచేసిన కంపెనీలు మూతబడ్డాక కూడా, ఉయ్యూరు ఇళ్ళలో పనిచేస్తూనే ఉన్నాయి. ఇంటి గోడకు బిగించే వస్తువు అమ్మినవాడి ఆయుష్షు మీద ఆధారపడకూడదు.

సొంత ఇంట్లో ఉన్న కనెక్షన్ మీదే కారు ఛార్జింగ్ చేసుకోవచ్చని కేంద్రం 2022 జనవరి మార్గదర్శకాల్లో స్పష్టంగా చెప్పింది. మంచి నిర్ణయం. అందుకే ఇది ప్రతి ఇంటి సంగతి అయింది. కంపెనీలవారికి నా విన్నపం: అప్‌డేట్ పంపే ముందు ఏం మారుతుందో, ఎన్ని ఆంపియర్లు తగ్గుతాయో తెలుగులో రెండు వాక్యాలు పంపండి. ఇంటివాళ్ళు సరే అన్నాకే వేయండి. బాగోకపోతే పాత ప్రోగ్రాముకు తిరిగి వెళ్ళే దారి ఉంచండి. బాధ్యుడి పేరు కింద రాయండి.

ఛార్జర్ ఉన్న ఇళ్ళవారికి ఒక మాట. బాగా పనిచేస్తున్న రోజునే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఆంపియర్లు, వోల్టేజీ, ఎర్త్ కొలిపించి, తేదీ, ప్రోగ్రాము వెర్షన్ నంబరుతో సహా ఒక కాగితం మీద రాయించి డబ్బా పక్కన అంటించండి. రేపు తేడా వస్తే మీ దగ్గర రుజువు ఉంటుంది. ఎర్త్ గుంత మీద టైల్స్ ఉంటే తీయించండి. కాలువలు కట్టేశాక వారానికి రెండుసార్లయినా అందులో నాలుగు బిందెల నీళ్ళు పోయండి.