శ్రీ సిటీలో దేవునికి మొదటి స్థానం ఇవ్వడం ఎలా?

మొదటి స్థానం అంటే బండి వెనకద్దం. సత్యవేడు నుంచి తడ దాకా ఏ రోడ్డెక్కినా వాక్యం స్టిక్కరున్న బండి ఒకటైనా ఎదురవుతుంది. మీరూ అంటించండి. మత్తయి 6:33 అయితే శ్రేష్ఠం. వాక్యమంతా రాయిస్తే జనం ఆగి చదువుతారు, ఆ తర్వాత మన వంక చూస్తారు. అంకెలతో సరిపెట్టడం క్షేమం. ఫోనులో వాక్యం స్టేటస్ మాత్రం ఎ షిఫ్టు బస్సు రాకముందే పెట్టెయ్యాలి. ఎవరెవరు చూశారో బస్సులో కూర్చుని లెక్కపెట్టుకోవచ్చు. దాన్నే ఉదయకాల ధ్యానం అనుకోండి.

ఇక సమయం. 2008లో శ్రీ సిటీ వచ్చాక ఈ పల్లెలు కోడికూతకు కాదు, కంపెనీ బస్సు హారన్‌కు లేస్తున్నాయి. ఇక్కడ తయారైన మెట్రో రైళ్లు సిడ్నీలో తిరుగుతున్నాయి. అలాంటి చోట పనిచేసేవాళ్లకు టైము విలువ ఒకరు చెప్పాలా? గేటు దగ్గర పంచ్ కొట్టడానికి పది నిమిషాలు ముందే వెళ్లండి. తొమ్మిదిన్నర ఆరాధనకైతే పదకొండుకు బయల్దేరినా చాలు. పాటలు అయిపోయి ఉంటాయి, ప్రసంగం చివరికొచ్చి ఉంటుంది, మొదటి ఆదివారమైతే ప్రభువు బల్లకు సరిగ్గా అందుకుంటారు. దేవుడు సగం రోజు జీతం కొయ్యడు గదా.

ఆదివారం ఓటీ పడిందా? కంగారొద్దు.

"ఏమ్మా, పోయిన వారం కనపడలా?"

"ఓటీ ఉండింది అయ్యగారూ. మనసంతా ఈడనే ఉండాది."

'మనసంతా' అనేటప్పుడు గొంతు కాస్త తగ్గాలి. రెండు మూడుసార్లు అద్దం ముందు అనుకుంటే వచ్చేస్తుంది.

దశమభాగం లెక్క తేలికే. జీతంలోంచి పీఎఫ్, రూము అద్దె, చీటీ, నగల లోను వడ్డీ, ఫోను ఈఎంఐ తీసేయండి. మిగిలినదాంట్లో పదో వంతు. మిగలకపోతే అది పరీక్షాకాలం. సాక్ష్యంలో చెప్పుకోవడానికి పనికొస్తుంది.

శ్రమకాలం నలభై రోజులూ ఏదో ఒకటి మానాలంటారు. చాక్లెట్ కంపెనీలో చేసేవాళ్లు చాక్లెట్ మానేస్తే సరి, పొద్దస్తమానం ఆ వాసన పీల్చేవాళ్లకు అదెలాగూ సయించదు. ఫోను మానమని సలహా ఇచ్చే పెద్దమనిషికి వందనాలు చెప్పి పక్కకు తప్పుకోండి.

ఇక ప్రసంగంలో వచ్చే పోలిక. 1865లో జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ మిషన్ తరఫున ఆగస్ట్ మిలియస్ సూళ్లూరుపేట ప్రాంతానికి వచ్చాడు. ఇప్పుడు తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘానికి మూలం ఆ పనే. అయ్యగారు ఆయన్ను మనకు పోలిక తెస్తారు, తెచ్చినప్పుడు తల ఊపండి. బయోమెట్రిక్, టార్గెట్ లేని మనిషితో మనకు పోటీ ఏంటి?

డిసెంబర్ 31 రాత్రి మాత్రం తప్పకుండా వెళ్లాలి, వాగ్దానం కార్డు అప్పుడే ఇస్తారు. ఓర్పు గురించిన వాక్యం వస్తే గుట్టుగా వెనక్కి పెట్టి ఇంకోటి తియ్యండి. ఆశీర్వాదం వచ్చేదాకా తీయడాన్నే విశ్వాసం అంటారు.

చివరగా ఒక ఇబ్బంది. రాత్రి కూడికకు బయల్దేరుతుంటే, పక్క మంచం పిల్ల జ్వరంతో మూలుగుతూ "అక్కా, ఆస్పత్రి దాకా తోడొస్తావా?" అంటుంది. తటపటాయించకండి. దేవుడే ముందు. ప్రార్థన విన్నపాల్లో పెడతానని చెప్పి, ఆ పిల్ల పేరేంటో అడిగి రాసుకోండి. ఒకే రూములో ఏడాదిగా ఉంటూ పేరు తప్పు చదివితే సంఘంలో బాగుండదు.